మూడో కార్డు తీసుకుందామా, ఆగుదామా: మా అప్పు ఫైలు డైరీ

ఫిబ్రవరి, మొదటి వారం

ఫోల్డరు మీద మా ఆవిడ "అప్పు ఫైలు" అని రాసింది. ప్రాజెక్టుకి అదే పేరు ఖాయమైపోయింది. వచ్చే ఏడాది ఎండాకాలానికల్లా ఇక్కడ, అమెరికాలో, ఇంటి లోనుకి అప్లై చేసే స్థితికి నా క్రెడిట్ రావాలి. ఆవిడ క్రెడిట్ ఫైలు (అప్పులు కట్టిన చరిత్ర) శుభ్రంగానే ఉంది. కానీ ఇద్దరి జీతాలూ లెక్కలోకి రావాలంటే ఇద్దరి ఫైళ్లూ చూస్తారు, అక్కడ నాది అడ్డం పడుతుంది.

ఉద్యోగం లేని కాలంలో అద్దె, ఇన్సూరెన్సు కట్టి కార్డులు ఆపేశాం. మళ్లీ ఆ పరిస్థితే వస్తే మళ్లీ అదే చేస్తాను. దాని ఫలితంగా ఒక కార్డు ఛార్జ్ ఆఫ్ అయింది, ఇంకొకటి సెటిల్‌మెంట్‌తో ముగిసింది. కార్డు బాకీ కట్టకుండా 180 రోజులైతే బ్యాంకు దాన్ని నష్టాల్లో రాసేసుకుంటుంది, అంతమాత్రాన బాకీ మాఫీ అయిపోదు. ఛార్జ్ ఆఫ్ అయినదాన్ని తర్వాత వాయిదాల్లో పూర్తిగా తీర్చాం. సెటిల్‌మెంట్ కార్డులో కొంత వదిలేశారు. వదిలేసింది 600 డాలర్లు గాని అంతకంటే ఎక్కువ గాని అయితే మామూలుగా 1099-సి అనే కాగితం వస్తుంది, ఆ మొత్తాన్ని ఆదాయం కింద చూపాల్సి రావచ్చు. సెటిల్‌మెంట్ మాట్లాడుకునేటప్పుడు ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ప్రస్తుతం నా చేతిలో రెండు సెక్యూర్డ్ కార్డులున్నాయి, అంటే ముందుగా డిపాజిట్ కట్టి తీసుకునేవి. 300 డాలర్ల డిపాజిట్ మీద ఒకటి, 500 మీద ఇంకొకటి. పాతది తీసుకుని ఏడాది దాటింది, రెండోదానికి ఇంకా ఏడాది నిండలేదు. రెండూ ఆటోపే మీద నడుస్తున్నాయి, ఒక్క వాయిదా తప్పలేదు. ఇప్పుడు ప్రశ్న: ఇంకో కార్డు తీసుకోవాలా?

ఆవిడ వైపు నుంచి ఒకటే మాట: "దెబ్బ తిన్నదే కార్డుల వల్ల. మళ్లీ కార్డులేంటండీ?"

జవాబు వెంటనే దొరకలేదు. అందుకే ఈ డైరీ.

ఫిబ్రవరి చివర

కార్డుల సంగతి పక్కన పెట్టి ముందు రిపోర్టులు తీశాను. ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అనే మూడు బ్యూరోల (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థలు) రిపోర్టులూ యాన్యువల్ క్రెడిట్ రిపోర్ట్ డాట్ కామ్‌లో వారానికోసారి ఉచితంగా వస్తాయి. ఒకప్పుడు ఏడాదికోసారే ఇచ్చేవారు, కోవిడ్ రోజుల్లో వారానికోసారి చేసి ఆ తర్వాత అలాగే ఉంచేశారు. స్కోరు (అప్పు సరిగ్గా తీరుస్తామా అన్నదాన్ని ఒక అంకెలో చెప్పేది) మాత్రం అందులో ఉండదు.

స్కోరు దగ్గర ఒక మాట. ఫోన్‌లో ఉచిత యాప్‌లు చూపించేవాటిలో చాలావరకు వాంటేజ్‌స్కోరే. అప్పిచ్చేవాళ్లలో ఎక్కువమంది చూసేది ఫైకో అనే ఇంకో కంపెనీ స్కోరు. రెండూ 300 నుంచి 850 దాకానే ఉంటాయి కాబట్టి ఒకటే అనిపిస్తుంది. నా ఫైలులో ఆ రెంటికీ మధ్య ముప్పై పాయింట్ల పైనే తేడా ఉంది. ఫైకోలో కూడా రకాలున్నాయి. ఇకనుంచి ఈ డైరీలో స్కోరు అంటే వాటిలో ఫైకో 8.

సెటిల్ చేసిన కార్డు రెండు రిపోర్టుల్లో బ్యాలెన్స్ సున్నా అని ఉంది. మూడోదాంట్లో ఇంకా బాకీ ఉన్నట్టే చూపిస్తోంది. సెటిల్‌మెంట్ ఉత్తరం, చెల్లించిన రసీదు జతచేసి డిస్ప్యూట్ వేశాను, అంటే ఇది తప్పు, సరిచేయమని బ్యూరోకి ఫిర్యాదు. చట్టప్రకారం మామూలుగా 30 రోజుల్లో తేల్చాలి. తీర్చేసిన అప్పు ఫైలులో బతికి ఉంటే దాని మీద ఎన్ని కొత్త కార్డులు పేర్చినా దండగే.

మార్చి, రెండో వారం

మా టీంలో ఒకాయన ఉన్నారు, క్రెడిట్ కార్డుల మీద పీహెచ్‌డీ ఇవ్వదగ్గ మనిషి. పాయింట్లతోనే ఏటా ఇండియా టికెట్లు తీస్తారు. నా కథ విని, "రెండు కార్డులతో ఏం పని జరుగుతుంది? ఇంకో మూడు తీసుకో. లిమిట్ పెరుగుతుంది, యుటిలైజేషన్ దానంతటదే దిగుతుంది" అన్నారు.

లెక్క తప్పేమీ కాదు. ఫైకో వాళ్లే చెప్పుకున్న పంపకం ప్రకారం స్కోరులో 35 శాతం చెల్లింపుల చరిత్ర, 30 శాతం ఉన్న అప్పులు, 15 శాతం ఖాతాల వయసు, 10 శాతం కొత్త అప్పులు, 10 శాతం అప్పుల్లో రకాలు. ఆ 30 శాతంలో పెద్ద వాటా యుటిలైజేషన్‌ది, అంటే లిమిట్‌లో ఎంత వాడుకున్నాం అన్నది.

అయితే ఆయన సలహా ఆయన ఫైలుకి సరిపోతుంది. నా ఫైలుకి సరిపోతుందో లేదో కాగితం మీద వేసి చూశాను. నా మొత్తం లిమిట్ 800. నెలకి ఓ 400 వాడితే 50 శాతం. నాలాంటివాడికి అన్‌సెక్యూర్డ్ (డిపాజిట్ అడగని) కార్డు ఇస్తే ఇచ్చేది మహా అయితే 300. అప్పుడు 1,100లో 400, అంటే 36 శాతం. కాస్త దిగింది. అదే, కొత్త కార్డు జోలికి పోకుండా, స్టేట్‌మెంట్ పడే తేదీకి రెండు రోజుల ముందు 380 కట్టేస్తే? 800లో 20. రెండున్నర శాతం!

బ్యూరోలకి సాధారణంగా వెళ్లేది స్టేట్‌మెంట్ తేదీన ఉన్న బ్యాలెన్స్. డ్యూ డేట్ దాని తర్వాత కనీసం 21 రోజులకి గాని రాదు. డ్యూ డేట్‌కి పైసాతో సహా కట్టేవాడికి కూడా బ్యూరోలో 50 శాతం వాడకం కనిపించేది ఇందుకే. చెప్పుకోడానికి చిన్న విషయమే, చాలామంది కార్డుల మీద కార్డులు తీసుకునేది మాత్రం ఇది తెలియకే.

ఏప్రిల్, మే

కాగితం మీది లెక్కని పరీక్షించాను. ఒక నెల బ్యాలెన్స్‌ని అలాగే వదిలేశాను. సగం లిమిట్ వాడినట్టు రిపోర్టయింది. స్కోరు 612. తర్వాతి నెల ఒక కార్డు మీద 20 డాలర్లు, రెండోదాని మీద సున్నా. స్కోరు 649. ఆ మధ్యలో ఫైలులో ఇంకేమీ మారలేదు. ఆ పై నెల ఉత్సాహంగా రెండింటినీ సున్నా చేశాను. 634కి దిగింది! కార్డులు అస్సలు వాడటం లేదనుకుంటుంది ఆ ఫార్ములా. ఒక్క కార్డు మీద కొద్దిగా ఉంచి మిగతావి సున్నా చేయాలన్నది ఎందుకో అప్పుడు కళ్లకి కట్టింది.

దీన్నుంచి రెండు సంగతులు తేలాయి. కొత్త కార్డు ఇస్తుందనుకున్న లాభం నా దగ్గర అప్పటికే ఉంది, ఊరికే ఉంది. రెండోది, ఈ లాభం నిలిచేది కూడా కాదు. ఫైకో 8కి గత నెల వాడకం గుర్తుండదు, ఈ నెల బొమ్మే చూస్తుంది. కాబట్టి అప్లై చేయబోయే నెల ముందు సర్దుకుంటే చాలు, ఏడాది పొడుగునా లెక్కపెట్టుకుంటూ కూర్చోనక్కర్లేదు. (కొత్త రకాలైన ఫైకో 10టి, వాంటేజ్‌స్కోర్ 4.0 మాత్రం రెండేళ్ల ధోరణి చూస్తాయి. అవి ఎక్కువగా వాడకంలోకి వస్తే ఈ చిట్కా బలం తగ్గుతుంది.)

డిస్ప్యూట్ కూడా తేలింది. మూడో బ్యూరోలో బాకీ సున్నా అయింది. అక్కడ పెరిగిన పాయింట్లు ఏ కార్డూ ఇవ్వగలిగేవి కావు.

మే చివర

పోస్టులో ఉత్తరాలు. "మీరు ప్రీ అప్రూవ్డ్!" క్రెడిట్ దెబ్బతిన్నవాళ్ల అడ్రసులు వీళ్లకి ఎలా తెలుస్తాయా అని ఆవిడ ఆశ్చర్యపోయింది. బ్యూరోలే జాబితాలు అమ్ముతాయి. వద్దనుకుంటే ఆప్ట్ అవుట్ ప్రీస్క్రీన్ అనే సైటులో ఐదేళ్ల పాటు ఆపించుకోవచ్చు.

ఒక ఉత్తరాన్ని చివరిదాకా చదివాను, సన్న అక్షరాలతో సహా. లిమిట్ 300, మొదటి ఏడాది ఫీజు 75. రెండో ఏడాది నుంచి ఏడాది ఫీజు కొంత తగ్గి, దానికి తోడు నెలనెలా నిర్వహణ ఫీజు. ఈ 75 ఎక్కడి నుంచి ఊడిపడిందో చెప్తాను. 2009 నాటి కార్డ్ యాక్టు ప్రకారం మొదటి ఏడాది ఫీజులు లిమిట్‌లో 25 శాతం దాటకూడదు. 300లో 25 శాతం ఎంత? సరిగ్గా 75. చట్టం గీసిన గీత మీదే నిలబడ్డారు. ఆ 75ని కార్డు చేతికి రాకముందే దాని మీదే రాస్తారు, అంటే మొదటి రోజునే 25 శాతం వాడేసినట్టు. యుటిలైజేషన్ తగ్గిద్దామని కార్డు తీసుకుంటే అది పుట్టడమే యుటిలైజేషన్‌తో పుడుతుంది.

సెక్యూర్డ్ కార్డులో నా 300 నా పేరు మీదే ఉంటుంది, కార్డు మూసేస్తే తిరిగొస్తుంది. ఇక్కడ 75 పోయినట్టే. డిపాజిట్ అనగానే మనవాళ్లకి మొహమాటం, "డబ్బు కట్టి అప్పు తీసుకోవడమేంటి" అని. మొహమాటం ఖరీదు ఏడాదికి 75 అన్నమాట.

క్రెడిట్ బాగుచేస్తామని డబ్బు ముందుగా అడిగేవాళ్ల ఉత్తరాలు కూడా ఈ కట్టలోనే వచ్చాయి. పని చేయకముందు ఫీజు తీసుకోకూడదని 1996 చట్టమే చెప్తోంది. చెత్తబుట్ట.

జూన్

ఇంతవరకు లెక్కలన్నీ "వద్దు" వైపే మొగ్గాయి. అయినా ఒక అనుమానం మిగిలింది. ఉన్నవి రెండే. ఏ కంపెనీ అయినా తన కారణాలతో ఒకదాన్ని మూసేస్తే మిగిలేది ఒక్కటి. ఇంటి లోను దగ్గరికొచ్చాక అలా జరిగితే?

ఒక బ్యాంకు సైటులో ప్రీ క్వాలిఫై (కార్డు వస్తుందో లేదో ముందుగా చూసుకోవడం) చూశాను. ఇది సాఫ్ట్ పుల్, అంటే ఫైలుని పైపైన చూడటమే, స్కోరుకి నష్టం లేదు. ఇస్తామన్నట్టే చూపించింది. పూర్తి అప్లికేషన్ పెడితే కాదన్నారు. ప్రీ క్వాలిఫై అంటే హామీ కాదు, తెలిసిందే. అప్పు అడిగినందుకు ఫైలు చూసినట్టు నమోదయ్యే హార్డ్ పుల్ ఒకటి పడింది. రిపోర్టులో అది రెండేళ్లు ఉంటుంది, ఫైకో లెక్కలోకి మాత్రం ఏడాదే వస్తుంది.

కాదన్నాక కారణాలతో ఉత్తరం పంపడం వాళ్ల బాధ్యత. ఆ ఉత్తరం కోసమైనా ఒక హార్డ్ పుల్ పోవచ్చనిపించింది. అందులో నాలుగు కారణాలున్నాయి. మొదటిది తీవ్రమైన ఎగవేత, అది కాలమే చూసుకోవాలి. ప్రతికూల నమోదు తొలిసారి కట్టడం తప్పిన తేదీని బట్టి సుమారు ఏడేళ్లకి రాలిపోతుంది, మధ్యలో తీర్చినా, ఇంకొకరికి అమ్మేసినా ఆ గడియారం మళ్లీ మొదలవదు. రెండోది ఖాతాల వయసు చాలకపోవడం. అసలు తమాషా మూడు, నాలుగు. "సక్రమంగా చెల్లిస్తున్న ఖాతాలు మరీ తక్కువ" అని ఒకటి. "చివరి ఖాతా తెరిచి ఎక్కువ కాలం కాలేదు" అని దాని కిందే ఇంకొకటి.

ఆవిడ చదివి, "తెరవమంటున్నారా, వద్దంటున్నారా?" అంది.

రెండూ నిజమే. మూడో కార్డు తెరిస్తే మూడో కారణం నయమై నాలుగోది ముదురుతుంది. నాలుగోది ఏడాదికి దానంతటదే తగ్గుతుంది, మూడో కారణం మాత్రం కొత్త ఖాతా తెరిస్తే తప్ప తగ్గదు. అంటే చూడాల్సింది ఎన్ని కార్డులన్నది కాదు, ఆఖరి కార్డు ఏ నెలలో అన్నది.

వయసు లెక్క కూడా వేశాను. ఫైలులో పాతవి మూడున్నాయి (చెడినవి రెండు, నేనే మూసేసిన మంచిది ఒకటి): 108, 96, 84 నెలలు. సెక్యూర్డ్ కార్డులు ఇప్పటికి 18, 14 నెలలు. సగటు 64. ఈరోజు కొత్తది కలిస్తే 53కి దిగుతుంది. మూసిన ఖాతాలు కూడా ఫైకో సగటులో ఉంటాయి కాబట్టి దెబ్బ అనుకున్నంత లేదు. చెడిన రెండూ ఏడేళ్లకి రాలినప్పుడు వాటి వయసూ పోతుంది, కానీ వాటి మచ్చ పోవడం ముందు అదొక నష్టమే కాదు. మంచిగా మూసినది మామూలుగా పదేళ్ల దాకా ఉంటుంది.

జూలై

ఇంటి లోనుల ఆఫీసరు ఒకాయనతో మాట్లాడాం. అప్లికేషన్ ఏమీ పెట్టలేదు, ప్రశ్నలే. ఇది మార్చిలోనే చేసి ఉండాల్సిన పని అని ఆవిడ అభిప్రాయం. కావచ్చు, అప్పుడు నాకు ఏ ప్రశ్నలు అడగాలో తెలియదు.

ఆయన చెప్పినవాటిలో మాకు పనికొచ్చినవి రెండు. ఇంటి లోనుకి చాలాకాలంగా వాడుతున్నవి ఫైకో పాత రకాలు: 2, 4, 5, ఒక్కో బ్యూరోకి ఒకటి. మూడింట్లో మధ్యది తీసుకుంటారు. నేను నెలనెలా చూసుకుని మురిసిపోతున్న 8తో వాళ్లకి నేరుగా పనిలేదు. రెండోది, స్కోరు ఒక్కటే కాదు, నా ఫైలులో కనీసం మూడు నడుస్తున్న ఖాతాలు, ఏడాది చరిత్రతో కనిపిస్తే తమ దగ్గర పని తేలిగ్గా సాగుతుందన్నారు. ఇది వాళ్ల సంస్థ ఇష్టం, అందరి నియమం కాదు. కానీ మేం వెళ్లేది వాళ్ల దగ్గరికే.

ఇక్కడ తూకం మారింది. స్కోరు కోసమైతే మూడో కార్డు అవసరం లేదని ఏప్రిల్ పరీక్షే చెప్పింది. ఫైలు చదివే మనిషి కోసమైతే అవసరం. ఏడాది చరిత్ర కావాలి కాబట్టి ఇప్పుడు తీసుకున్నా వచ్చే ఏడాది ఆగస్టుకి గాని నిండదు. ఎండాకాలంలో అప్లై చేద్దామన్న మాట సెప్టెంబరుకి జరుగుతుంది.

ఇంట్లో దీని మీద రెండు రోజులు వాదన. "ఈ కార్డు లేకపోతే ఏ పని ఆగుతుంది, అది చెప్పండి" అంటుంది ఆవిడ. ఏ పనీ ఆగదు, లోను వడ్డీ మారొచ్చు అన్నాను. మా అద్దె లీజు ఎలాగూ సెప్టెంబరు దాకా ఉంది. ఆ మాటతో వాదన ముగిసింది. ఒక షరతు పెట్టింది: ఇదే ఆఖరిది.

ఈ మధ్యలో ఆవిడ కార్డులో నన్ను ఆథరైజ్డ్ యూజర్‌గా (ఆవిడ ఖాతానే వాడుకునే మనిషిగా) చేర్చితే సరిపోదా అన్న ఆలోచనా వచ్చింది. స్కోరుకి కొంత పనికొస్తుంది, ఎందుకంటే ఇంటివాళ్ల కార్డు. ముక్కూ మొహం తెలియనివాళ్ల కార్డులో డబ్బిచ్చి చేరే వ్యాపారాన్ని అడ్డుకోవాలనే ఫైకో 8లో మార్పులు చేశారు. కానీ ఆ ఆఫీసరు లెక్కలో అది నా ఖాతా కిందకి రాదు. చేర్చలేదు.

ఆగస్టు

అడగకుండానే ఒక మంచి జరిగింది. పాత సెక్యూర్డ్ కార్డు కంపెనీ నా ఖాతా సమీక్షించి డిపాజిట్ వెనక్కిచ్చింది, లిమిట్ 1,000 చేసింది. అదే ఖాతా, అదే వయసు, హార్డ్ పుల్ లేదు. మొత్తం లిమిట్ ఇప్పుడు 1,500. సెక్యూర్డ్ కార్డు ఎంచుకునేటప్పుడు ఈ ఒక్కటీ చూసుకోవాలి: ఇలా మామూలు కార్డుగా మారే దారి ఉందా, ఉంటే అదే ఖాతా కొనసాగుతుందా, మూసి కొత్తది తెరుస్తారా.

మూడోదానికి క్రెడిట్ యూనియన్‌ని (సభ్యులే యజమానులుగా ఉండే బ్యాంకులాంటి సంస్థని) ఎంచుకున్నాం. ఏడాది ఫీజు లేదు, ఒక్క బ్యూరోనే చూస్తారు. మూడు బ్యూరోలనీ లాగేవాళ్లు కొందరున్నారు, కాపిటల్ వన్‌కి ఆ పేరుంది. జీతం అక్కడి ఖాతాకి మార్చి, వాళ్ల మనిషితో మాట్లాడి, చార్జ్ ఆఫ్ తీర్చిన కాగితాలు చూపించి అప్లై చేశాను. 500 లిమిట్‌తో ఇచ్చారు.

తిరిగొచ్చిన 300తో చిన్న వాయిదాల లోను తీసుకో, అప్పుల్లో రకం పెరుగుతుందని మా టీం పెద్దాయన సలహా. పది శాతం కోసం ఇంకో కొత్త ఖాతా. వద్దు.

సెప్టెంబరు

కొత్త ఖాతా రిపోర్టయింది. స్కోరు 661 నుంచి 648. అనుకున్నదే. ఆవిడ అడిగింది, చూపించాను, ఏమీ అనలేదు.

మాటకి కట్టుబడటానికి ఒక పని చేశాను. మూడు బ్యూరోల్లోనూ నా ఫైలుని ఫ్రీజ్ చేశాను, అంటే కొత్తగా అప్పిచ్చేవాళ్లు దాన్ని చూడకుండా ఆపించాను. 2018 సెప్టెంబరు నుంచి దేశమంతటా ఇది ఉచితం. దొంగలు మన పేరు మీద అప్పులు తీసుకోకుండా ఉండటానికి పెట్టిన సదుపాయం ఇది. నా విషయంలో దొంగ నేనే అనుకున్నా పనిచేస్తుంది: ఎక్కడైనా బిల్లు కట్టేచోట "మా కార్డు తీసుకుంటే ఈరోజే తగ్గింపు" అన్నా, ఫ్రీజ్ తీసేదాకా అప్లికేషన్ ముందుకి సాగదు. ఉన్న కార్డులకి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు.

కొత్త కార్డు మీద ఒక్క ఫోన్ బిల్లు పెట్టాను, ఆటోపే. పాతది కిరాణాకి. మధ్యది ఊరికే ఉంచితే వాడటం లేదని మూసేస్తారేమోనని చిన్న సబ్‌స్క్రిప్షన్ ఒకటి దాని మీదకి మార్చాను.

మిగిలినవి: జనవరిలో మూడు రిపోర్టులూ మళ్లీ తీయాలి, సెటిల్‌మెంట్ బాకీ మళ్లీ మొలకెత్తలేదు కదా అని చూడటానికి. జూన్ నాటి హార్డ్ పుల్ వచ్చే జూన్‌కి, ఆగస్టుది ఆగస్టుకి ఫైకో లెక్కలోంచి పోతాయి. ఆగస్టు స్టేట్‌మెంట్లలో ఒక కార్డు మీదే బ్యాలెన్స్ ఉంచాలి. అప్లై చేయడానికి ముందు వారం ఫ్రీజ్ తీయాలి. ఈ ఆఖరి లైను ఆవిడ తన చేత్తో రాసి ఫ్రిజ్ మీద కూడా అంటించింది.